ఇథనాల్ ఫ్యాక్టరీ పిప్పి పాడి గేదెలకు: ఎంత పెట్టాలి, ఎక్కడ ఆగాలి

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు చెబుతాను. మీ దగ్గర 12 పాడి గేదెలు, అమ్మకానికి మేపుతున్న 40 పొట్టేళ్ళు ఉన్నాయి. వేరుశనగ చెక్క కిలో 46 రూపాయలు పెట్టి కొనలేక, దాణా వ్యాపారి మాట మీద మొక్కజొన్న డీడీజీఎస్ (గింజ నుంచి ఇథనాల్ తీశాక మిగిలిన పిప్పిని ఆరబెట్టిన సరుకు) తెచ్చి, మొదటి రోజు నుంచే గేదెకు 3 కిలోల చొప్పున పెట్టారు. పాలు తగ్గలేదు గాని, వారం తిరిగేసరికి వెన్న 7 శాతం నుంచి 6 శాతానికి పడిపోయింది, పేడ పలుచబడింది. ఇప్పుడు అదే వ్యాపారి బియ్యపు డీడీజీఎస్‌ను కిలో 24 రూపాయలకు, తడి పిప్పిని కిలో 6 రూపాయలకు ఇస్తానంటున్నాడు. ఇందులో సారా మిగిలి ఉంటుందా, పాలకు వాసన అంటుతుందా, చూడి గేదెలకు పెట్టవచ్చా, పొట్టేళ్ళకు ఎంత పెట్టాలి అని అడిగారు.

పెట్టవచ్చు. పశువైద్యుడిగా పనిచేసిన కాలంలోను, ఆ తరువాత దాణా తయారీ కేంద్రంలో ముడిసరుకు పరీక్షించిన కాలంలోను ఈ సరుకును చాలా చూశాను. దీనిని చెక్కకు బదులుగా వాడినవారు బాగుపడ్డారు. తవుడుకు, గడ్డికి బదులుగా వాడినవారు, లేదా చౌకగా దొరికిందని ఉన్న దాణా మీద అదనంగా వేసినవారు ఏదో ఒక చిక్కులో పడ్డారు. మీరు పెట్టిన 3 కిలోలు ఆ రెండో దారిలోనివి.

ఈ సరుకు ఎలా తయారవుతుందో తెలిస్తే మీ సందేహాలలో సగం వాటంతటవే తీరుతాయి. గింజను పిండిగా మర పట్టి, నీటితో కలిపి ఉడికించి, ఎంజైములతో అందులోని పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తారు. ఈస్టు ఆ చక్కెరను తిని ఇథనాల్‌గాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. ఇథనాల్‌ను బట్టీపట్టి తీసివేశాక అడుగున మిగిలిన చిక్కటి ద్రవాన్ని సెంట్రిఫ్యూజులో తిప్పితే ఒకవైపు తడి పిప్పి, మరొకవైపు పలుచని రసం వస్తాయి. ఆ రసాన్ని ఆవిరి పట్టించి పాకంలా చేసి, మళ్ళీ పిప్పిలో కలిపి, డ్రయ్యరులో తేమ 10 శాతం దాకా దిగేటట్లు ఆరబెడితే వచ్చేదే డీడీజీఎస్. ఈ క్రమమంతటిలో ఫ్యాక్టరీ గింజ నుంచి తీసుకున్నది పిండిపదార్థం ఒక్కటే. మాంసకృత్తులు, నూనె, పీచు, భాస్వరం అన్నీ మిగిలిన దానిలోనే ఉండిపోతాయి. మొక్కజొన్నలో సుమారు మూడింట రెండు వంతులు పిండిపదార్థం పోతుంది కాబట్టి మిగిలినవన్నీ మూడింతలు చిక్కబడతాయి. గింజలో 8, 9 శాతం ఉన్న మాంసకృత్తులు పిప్పిలో 26 నుంచి 30 శాతం అవుతాయి. బియ్యంలో పిండిపదార్థం ఇంకా ఎక్కువ కాబట్టి చిక్కదనమూ ఎక్కువే. నూకల్లో 7, 8 శాతం ఉన్న మాంసకృత్తులు మంచి బియ్యపు డీడీజీఎస్‌లో 45 శాతం దాకా చేరతాయి, అంటే దాదాపు ఆరింతలు.

ఈ లెక్కను గుర్తుంచుకోండి. గింజలో మంచి ఎన్నింతలు చిక్కబడుతుందో, గింజకు పట్టిన చెడు కూడా అన్నింతలు చిక్కబడుతుంది. బూజు విషం గురించి చెప్పేటప్పుడు మళ్ళీ ఈ లెక్కకే వస్తాను.

సారా విషయం ఒక్క మాటలో చెప్పవచ్చు. ఇథనాల్ అమ్ముకోవడమే ఫ్యాక్టరీ వ్యాపారం కాబట్టి దానిని పిప్పిలో వదిలిపెట్టరు. బట్టీలోను, డ్రయ్యరులోను ఆ వేడికి మిగిలేదీ లేదు. గేదెకు మత్తు రాదు, పాలలో సారా చేరదు. అయితే పులిసిన తడి పిప్పిని పాలు పితికే వేళకు ముందు పెడితే ఆ పుల్లటి వాసన పాలకు అంటుతుంది కాబట్టి, తడి సరుకు ఎప్పుడు పెట్టినా పితికిన తరువాతనే పెట్టండి. మన ఊళ్ళలో నాటుసారా బెల్లం ఊట తాగి పశువులు పడిపోయిన ఉదంతాలు విని చాలామంది దీనికీ భయపడతారు. ఆ ఊట ఇంకా బట్టీ ఎక్కనిది. అందులో సారా ఉంటుంది, దానికి తోడు నవాసారం, పటిక వంటివి కలుపుతారు. దానికీ దీనికీ సంబంధం లేదు. చక్కెర కర్మాగారాలకు అనుబంధంగా మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచి సారా తీసే డిస్టిలరీలు వదిలే నల్లని స్పెంట్‌వాష్‌కు కూడా దీనితో సంబంధం లేదు. అది పొటాషియం లవణాలు, గంధకం నిండిన వ్యర్థజలం. దానిని మేతగా ఎవరు అమ్మజూపినా కొనవద్దు. హైదరాబాద్ చుట్టుపక్కల డెయిరీలు ఏళ్ళ తరబడి వాడుతున్న బీరు పిప్పి మాత్రం దీనికి దాయాది వంటిది. అది బార్లీ మాల్టు నుంచి వస్తుంది, తేమ 75 నుంచి 80 శాతం ఉంటుంది, పీచు ఎక్కువ. దానికి అలవాటు పడిన కొలతలను దీనికి వాడకూడదు.

ఇప్పుడు మీ వెన్న శాతం సంగతి. నూనె తీయని మొక్కజొన్న డీడీజీఎస్‌లో 8 నుంచి 12 శాతం నూనె ఉంటుంది. మీరు పెట్టిన 3 కిలోలతో గేదె పొట్టలోకి రోజుకు సుమారు 300 గ్రాముల మొక్కజొన్న నూనె పోయింది. పెద్ద పొట్టలో పీచును అరిగించే సూక్ష్మజీవులకు ఈ నూనె పడదు. పైగా అది అక్కడ సగం సగం మారి, పొదుగులో వెన్న తయారీనే అణచివేసే కొవ్వు ఆమ్లాలను పుట్టిస్తుంది. దీనికి తోడు ఈ సరుకులోని పీచు పిండిలా మెత్తగా ఉంటుంది. అంకెల్లో పీచుగా కనిపిస్తుంది గాని, గేదె చేత నెమరు వేయించదు. నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది, లాలాజలం తగ్గితే పొట్టలో పులుపు పెరుగుతుంది, వెన్న పడుతుంది. కడుపు నిండిన గేదెలు వరిగడ్డి వదిలేస్తున్నాయని మీరు రాసిన మాట ఈ అనుమానాన్ని మరింత బలపరుస్తోంది. పాలు తగ్గకుండా వెన్న ఒక్కటే పడటం సరిగ్గా ఈ కారణానికి సరిపోయే లక్షణం. పాల కేంద్రంలో డబ్బు వెన్న మీదనే కడతారు కాబట్టి, చెక్క మీద ఆదా అయినది అక్కడ పోయి ఉంటుంది.

చేయవలసినది ఇది. రేపటి నుంచే మొక్కజొన్న డీడీజీఎస్‌ను గేదెకు ఒక్క కిలోకు తగ్గించండి, పొడవు గడ్డి ముందు వేసి దాణా తరువాత పెట్టండి. మరీ సన్నగా నరకని జొన్నచొప్ప ఉంటే ఇంకా మంచిది. రెండు మూడు వారాల్లో వెన్న తిరిగి వస్తుంది. రాకపోతే కారణం వేరే చోట ఉందని అర్థం.

బియ్యపు డీడీజీఎస్‌లో నూనె సాధారణంగా మొక్కజొన్న దానికన్నా తక్కువ కాబట్టి వెన్న విషయంలో అది నెమ్మదైన సరుకు. మాంసకృత్తులలో సగానికి పైగా పెద్ద పొట్టలో కరగకుండా దాటిపోయి పేగుల్లో అరుగుతాయి. దీనినే దాణా కంపెనీలు బైపాస్ ప్రొటీన్ అని గొప్పగా చెప్పుకుంటాయి. ఎక్కువ పాలిచ్చే పశువుకు అది నిజంగా మేలే. లోపమేమిటంటే మాంసకృత్తులలో ఉండవలసిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. రోజుకు 8 లీటర్ల గేదెకు ఈ లోటును పొట్టలోని సూక్ష్మజీవులే చాలావరకు పూడుస్తాయి; కోడికీ చేపకూ ఆ సౌకర్యం లేదు కాబట్టి వాటికి దీనిని సోయా చెక్కకు పూర్తి బదులుగా వాడలేరు. కోళ్ళ దాణాలో 5 నుంచి 10 శాతం దాకా, అదీ లైసిన్ విడిగా కలిపి వాడతారు.

100 కిలోల దాణాకు నేను సూచించే కలయిక చెబుతాను. మొక్కజొన్న పిండి 32 కిలోలు, తవుడు 14, నూనె తీసిన తవుడు 12, పత్తి చెక్క 18, బియ్యపు డీడీజీఎస్ 15, కంది లేదా పెసర పొట్టు 5, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1, సున్నపురాయి పొడి 1. ఇందులో మాంసకృత్తులు 18 శాతానికి కాస్త అటూ ఇటూగా వస్తాయి. 8 లీటర్లిచ్చే గేదెకు శరీర పోషణకు 2 కిలోలు, రెండు లీటర్లకు కిలో చొప్పున మరో 4 కిలోలు, మొత్తం 6 కిలోల దాణా అనుకుంటే, అందులో డీడీజీఎస్ 900 గ్రాములు ఉంటుంది. అంత చాలు. వేరుశనగ చెక్క స్థానంలో అదే తూకం వేస్తే మీరు చెప్పిన ధరల్లో కిలోకు 22 రూపాయలు మిగులుతాయి, అంటే గేదెకు రోజుకు దాదాపు 20 రూపాయలు. అయితే ఆ మిగులు రావాలంటే చెక్క సంచి తగ్గాలి. తవుడు తగ్గించి దీనిని పెంచితే పిండిపదార్థం, శక్తి తగ్గిపోయి మాంసకృత్తులు వృథా అవుతాయి. మిగులు మాంసకృత్తులను పశువు దాచుకోలేదు. యూరియాగా మార్చి మూత్రంలో వదిలేస్తుంది, ఆ పనికి తన శక్తినే ఖర్చు చేస్తుంది.

మొదలుపెట్టేటప్పుడు 200 గ్రాములతో మొదలుపెట్టి, 10 నుంచి 15 రోజుల్లో పూర్తి కొలతకు తీసుకువెళ్ళండి. బియ్యపు సరుకు కొంచెం చేదుగా, పుల్లగా ఉంటుంది. మొదటి మూడు నాలుగు రోజులు కొన్ని గేదెలు మూతి పెట్టి వదిలేస్తాయి, అది మామూలే. కుడితిలో కలిపితే తింటాయి. నిజానికి గంజి, బియ్యం కడుగు, పులిసిన అన్నం కలిసిన కుడితికి అలవాటు పడిన గేదెకు పులిసిన బియ్యపు రుచి పరాయిదేమీ కాదు.

సంచి మీద బియ్యం అని ఉన్నంత మాత్రాన లోపల ప్రతి నెలా బియ్యమే ఉంటుందని అనుకోవద్దు. దీనికి కారణం ఫ్యాక్టరీల కొనుగోళ్ళు ప్రభుత్వ నిర్ణయాలను బట్టి మారుతూ ఉండటమే. 2018 జాతీయ జీవ ఇంధన విధానం, పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న గడువును 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపిన 2022 సవరణ, ఈ రెండింటితో ధాన్యం ఆధారిత డిస్టిలరీలు పెరిగాయి. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) మిగులు బియ్యాన్ని వీటికి ఇవ్వడానికి 2020లో అనుమతించారు, 2023 జూలైలో ఆపారు, 2024లో తిరిగి తెరిచారు. మధ్యలో ఆ ఖాళీని మొక్కజొన్న నింపింది. మీదాకా వచ్చేసరికి దీని అర్థం, ఒకే ఫ్యాక్టరీ ఒకే ముద్ర వేసిన సంచిలో ఒక నెల 45 శాతం, మరో నెల 30 శాతం మాంసకృత్తులున్న సరుకు రావచ్చు. నూకలు, రంగు మారిన బియ్యం, మనుషుల తిండికి పనికిరాదని తేల్చిన ధాన్యం కూడా ఇథనాల్‌కు వాడవచ్చు. అది తప్పు కాదు, దాని కోసమే ఆ వెసులుబాటు ఇచ్చారు. కానీ పశువు ముందు పెట్టేవాడు ఆ సంగతి ఎరిగి ఉండాలి.

ఇక బూజు విషం, అంటే అఫ్లాటాక్సిన్. మీరు అడగలేదు గాని, నా ఉద్దేశంలో ఈ సమాధానంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. తేమగా నిల్వ ఉన్న మొక్కజొన్నలో ఇది తరచుగా ఉంటుంది. ఈస్టు దీనిని చంపదు, బట్టీ వేడికి ఇది పోదు, డ్రయ్యరులోనూ పోదు; ఇథనాల్‌లోకీ వెళ్ళదు. కాబట్టి మొత్తం పిప్పిలో చేరుతుంది. గింజలో కిలోకు 20 మైక్రోగ్రాములుంటే మొక్కజొన్న పిప్పిలో 60 అవుతుంది. ముందు చెప్పిన మూడింతల లెక్క ఇక్కడ పనిచేస్తుంది. బియ్యంలో ఈ విషం మామూలుగా తక్కువే అయినా, ఉన్నది ఆరింతలు కాగలదు. పశువు తిన్న దానిలో సుమారు 1 నుంచి 2 శాతం, అధిక పాల పశువులో ఇంకా ఎక్కువ, రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. పాలలో దీనికి మన ఆహార భద్రతా ప్రమాణం కిలోకు 0.5 మైక్రోగ్రాములు. లెక్క వేసి చూడండి. కిలోకు 100 మైక్రోగ్రాములున్న సరుకును 3 కిలోలు పెడితే పొట్టలోకి 300 పోతుంది, 2 శాతం చొప్పున 6 మైక్రోగ్రాములు పాలలోకి వస్తుంది, 8 లీటర్లకు పంచితే లీటరుకు 0.75. హద్దు దాటింది. అదే సరుకు 900 గ్రాములు పెడితే లీటరుకు 0.22 దగ్గర ఆగుతుంది, పత్తి చెక్కలోను వేరుశనగ చెక్కలోను ఉండేది దానికి అదనం. తక్కువ కొలత పెట్టమని నేను పట్టుపట్టడానికి వెన్న ఎంత కారణమో ఇదీ అంతే కారణం. దాణాలో కలిపితే విషాన్ని పట్టి ఉంచే టాక్సిన్ బైండర్లు కొంత ఆదుకుంటాయి, ముఖ్యంగా బంకమట్టి రకాలు. కానీ చెడ్డ సరుకును అవి మంచి సరుకుగా మార్చవు.

ఒక వానాకాలంలో నేను చూసిన ఉదంతం చెబుతాను. ఒక రైతు టార్పాలిన్ కింద కుప్పగా పోసిన తడి పిప్పిని, పైన తెల్లని బూజు గీకివేసి, లోపలిది బాగానే ఉందని గేదెలకు పెట్టాడు. మూడో రోజుకు నాలుగు గేదెలు మేత మానేశాయి, ఒకటి ఈసుకుపోయింది, అంటే చూలు పోయింది. ఆ పిప్పి అమ్మిన చోట అడిగితే, మా దగ్గర బయలుదేరేటప్పుడు బాగానే ఉందన్నారు. అది నిజమే అయి ఉంటుంది కూడా. తడి సరుకు చెడటానికి ఫ్యాక్టరీ దాకా పోనక్కరలేదు.

మీకు తడి పిప్పి చూపిన 6 రూపాయల ధరను ఇలా లెక్క కట్టండి. అందులో 70 శాతం నీరు, 30 శాతమే పొడి పదార్థం. కాబట్టి పొడి పదార్థం కిలో 20 రూపాయలు పడుతుంది. 10 శాతం తేమ ఉన్న ఎండు డీడీజీఎస్ 24 రూపాయలంటే పొడి పదార్థం కిలో సుమారు 27 రూపాయలు. తడిదే చౌక అనిపిస్తుంది గాని, అందులో పావు వంతు పాడైపోతే రెండూ సమానమైపోతాయి. మన ఎండల్లో తడి పిప్పి రెండు మూడు రోజులకు మించి నిలవదు. గేదెకు 4 కిలోల చొప్పున 12 గేదెలకు రోజుకు 48 కిలోలు కావాలి. 3 టన్నుల ట్రాక్టరు దించుకుంటే రెండు నెలలు వస్తుంది. రెండు రోజుల సరుకును రెండు నెలలు దాచాలి. మీ మందకు తడి సరుకు పొసగదని నా అభిప్రాయం.

ఊళ్ళో నలుగురైదుగురు రైతులు కలిసి తెచ్చుకుని పంచుకుంటే, లేదా పాతర వేయగలిగితే వేరే మాట. పాతర వేయడం కష్టమేమీ కాదు. ఈ పిప్పి అప్పటికే పుల్లగా ఉంటుంది కాబట్టి పచ్చిమేతను పాతర వేసే సైలేజీలో లాగా దానిని పులియబెట్టే పని లేదు, గాలి తగలకుండా చేయడమే పని. అయితే మరీ తడిగా ఉంటే తొక్కినా అణగదు, రసం కారిపోతుంది. అందుకని తరిగిన వరిగడ్డినో, ఎండుచొప్పనో మూడింట ఒక వంతు కలిపి, పొరలుపొరలుగా తొక్కి, మందపాటి ప్లాస్టిక్ కప్పి, పైన బరువులు పెట్టాలి. తెరిచాక రోజూ ఒక అడుగు మందమైనా తీసి వాడుతూ పోవాలి. బూజు కనిపించిన చోట గీకి వాడటం కాదు, చుట్టూ జానెడు మేర తీసి పారవేయాలి.

పిప్పితో పాటు పలుచని రసాన్ని ట్యాంకరులో తెచ్చి ఊరకనే పోస్తామని కొన్ని చోట్ల అంటారు. అందులో 5 నుంచి 8 శాతమే పదార్థం ఉంటుంది, మిగతాది నీరు. ఫ్యాక్టరీకి దానిని ఆవిరి పట్టించే ఖర్చు తప్పుతుంది, మీ పాక ఈగలమయం అవుతుంది.

ఖనిజాల సంగతికి వస్తే, డీడీజీఎస్‌లో భాస్వరం 0.7 నుంచి 0.8 శాతం దాకా ఉంటుంది, కాల్షియం 0.1 శాతం కూడా ఉండదు. తవుడులోనూ భాస్వరమే ఎక్కువ. వరిగడ్డిలో ఉన్న కాస్త కాల్షియాన్ని అందులోని ఆక్సలేట్లు పట్టి ఉంచుతాయి. ఈ మూడూ కలిసిన చోట సున్నపురాయి పొడి మానితే పాడి గేదె ఎముకల నుంచి కాల్షియం లాగుతుంది. చూడి గేదెలకు 7వ నెల దాటాక డీడీజీఎస్‌ను రోజుకు అర కిలో లోపు ఉంచండి, ఈనే ముందు మూడు వారాలు పూర్తిగా మానినా నష్టం లేదు. మూడు నెలల లోపు దూడలకు వద్దు.

పొట్టేళ్ళ విషయంలో ఇదే భాస్వరం ప్రాణం మీదికి తెస్తుంది. మగ గొర్రెకు మూత్రనాళం సన్నగా, మెలికలు తిరిగి ఉంటుంది. కాల్షియం తక్కువై భాస్వరం ఎక్కువైతే రాళ్ళు కట్టి అక్కడే అడ్డుపడతాయి. పొట్టేలు తోక ఆడిస్తూ, వెనుక కాళ్ళు చాచి ముక్కుతూ, చుక్కలు చుక్కలుగా మూత్రం పోస్తుంటే అది మలబద్ధకం అనుకుని ఆముదం పట్టేవారున్నారు. అది రెండు రోజుల్లో చనిపోయే పరిస్థితి. కొట్టంలో కట్టి దాణా మీద పెంచే పొట్టేళ్ళకు డీడీజీఎస్ దాణాలో 10 నుంచి 15 శాతం మించకూడదు, సున్నపురాయి పొడి 1.5 నుంచి 2 శాతం వేసి కాల్షియం భాస్వరానికి రెండింతలుండేలా చూడాలి, దాణాలో 1 శాతం అమ్మోనియం క్లోరైడు కలిపితే మూత్రం పులుపెక్కి రాయి కట్టదు. పైన నాటుసారాలో వేసేదని చెప్పిన నవాసారం ఇదే గాని, బజారులో దొరికేది కాకుండా మందుల నాణ్యత ఉన్నది వాడండి. అన్నిటికీ మించి మంచినీరు ఎప్పుడూ తొట్టిలో ఉండాలి.

పొట్టేళ్ళకే మరొక ప్రమాదం గంధకం. ఫ్యాక్టరీలో పులియబెట్టే దశలో పులుపు సరిచేయడానికి, గొట్టాలు కడగడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు, అది పిప్పిలో తేలుతుంది, 0.4 శాతం నుంచి కొన్ని సరుకుల్లో 1 శాతం దాకా గంధకం ఉండవచ్చు. మొత్తం మేతలో గంధకం, దాణా ఎక్కువ తినే పశువుకు 0.3 శాతం, గడ్డి ఎక్కువ తినే పశువుకు 0.5 శాతం మించకూడదు. 0.8 శాతమున్న సరుకు మేతలో 40 శాతం వేస్తే ఒక్క దాని నుంచే 0.32 వచ్చేస్తుంది. మీ బోరు నీటిలో సల్ఫేటు ఉంటే అదీ కలుస్తుంది. హద్దు దాటితే మెదడు దెబ్బతింటుంది. జీవాలు చూపు లేనట్లు గోడకు తగలడం, తల పైకెత్తి ఆకాశం చూడటం, పళ్ళు కొరకడం, పడి కొట్టుకోవడం చూస్తే వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. తొలి గంటల్లో థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ పడితే జీవాలు లేచే అవకాశం ఉంది, ఆలస్యమైన కొద్దీ అది తగ్గిపోతుంది. వరిగడ్డి తినే మీ గేదెలకు 900 గ్రాముల కొలతలో ఈ భయం పెట్టుకోనక్కరలేదు.

కొనే ముందు చూడవలసినవి చెబుతాను. రంగు లేత గోధుమ నుంచి బంగారు రంగు దాకా ఉండాలి. కాఫీ పొడిలా నల్లబడి, మాడు వాసన వేస్తే డ్రయ్యరులో కాలిందని, లైసిన్ పోయిందని, మాంసకృత్తులు కాగితం మీద ఉన్నా అరగవని అర్థం. గుప్పిట పట్టి వదిలితే రాలిపోవాలి, ముద్ద కడితే తేమ ఉన్నట్లు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఒక చెంచా వేస్తే ఊక పైకి తేలుతుంది, ఇసుక అడుగుకు చేరుతుంది. యూరియా కలిపి మాంసకృత్తుల అంకె పెంచడం ఈ వ్యాపారంలో పాత విద్య, ఎందుకంటే ప్రయోగశాల కొలిచేది నత్రజనినే. నీళ్ళలో నానబెట్టి వడకట్టిన ద్రవంలో కందిపిండి వేసి ఐదు నిమిషాల తరువాత ఎర్ర లిట్మస్ ముంచితే, నీలంగా మారితే యూరియా ఉన్నట్లే. కాని ఈ సరుకు సహజంగా పుల్లనిది కాబట్టి నీలంగా మారలేదని యూరియా లేదనుకోవద్దు. పెద్ద మొత్తంలో కొంటున్నప్పుడు పది సంచుల నుంచి కొంచెం కొంచెం తీసి కలిపి, రాజేంద్రనగర్‌లోనో తిరుపతిలోనో ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయపు పోషణ విభాగానికి పంపి, తేమ, మాంసకృత్తులు, యూరియా, ఇసుక, అఫ్లాటాక్సిన్ ఈ ఐదు పరీక్షలు చేయించండి. 12 గేదెలకు ఆ ఖర్చు ఎక్కువనిపిస్తే, అమ్మేవాడినే ఆ లాటు నివేదిక చూపమని అడగండి. పులియబెట్టే దశలో చెడు బాక్టీరియాను అణచడానికి యాంటీబయాటిక్ వాడారా అని కూడా అడగండి; జవాబు రాకపోయినా ఆ ప్రశ్న అడిగే కొనుగోలుదారుకు వ్యాపారి మంచి సంచులు పక్కన పెడతాడు.

మీరు చివర్లో రాసిన ప్రశ్న, సారా ఫ్యాక్టరీ పిప్పి పెడితే పాలు పాడవుతాయని పెద్దలు అంటారు, నిజమేనా అన్నది. ఆ అపవాదు మన దగ్గర పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో న్యూయార్కులో సారా బట్టీల పక్కనే పాకలు కట్టి, ఆవులను గాలి వెలుతురు లేని చోట కట్టివేసి, బట్టీ నుంచి వేడివేడిగా కాలువలో వచ్చే ద్రవాన్ని దాదాపు ఏకైక మేతగా పోసేవారు. ఆ పాలు నీలం తిరిగి ఉండేవని, సుద్దపొడి వంటివి కలిపి అమ్మేవారని 1858లో ఒక వారపత్రిక బొమ్మలతో సహా బయటపెట్టింది. అక్కడ పశువును చంపినది గడ్డి లేకపోవడం, మురికి, రోగం. ఈ మూడూ ఉన్న పాకలో వేరుశనగ చెక్క పెట్టినా పాలు అలాగే ఉంటాయి.

మీ పొట్టేళ్ళ వయసు, బరువు, అవి తింటున్న పచ్చిమేత, మీ బోరు నీటి పరీక్ష వివరాలు రాస్తే వాటికి కొలతలు విడిగా లెక్క కట్టి చెబుతాను. అప్పటిదాకా మిగిలిన మొక్కజొన్న డీడీజీఎస్ సంచులను నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చి ఉంచండి.